చిన్నవారి చేతికి ఏ పుస్తకము?



క్రిస్మసు పండుగకును, వేసవి బైబిలు పాఠశాల ముగింపునకును పిల్లలకు బహుమానములిచ్చుట మన సంఘములలో వాడుక. పెన్సిలు పెట్టెలు, స్టీలు గ్లాసులతో పాటు పుస్తకములును ఇచ్చుచున్నాము. సంతోషమే. కాని ఆ పుస్తకము ఎట్టిదని విచారించుట అరుదు. అగ్గువకు దొరకినదా, అట్టమీద దేవుని మాట యున్నదా, ఇంతే మన పరీక్ష. బిడ్డ దానిని రెండవసారి తెరచెనా అని అడుగువారు లేరు. ఆ ప్రశ్ననే ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఇది చిన్న ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కలలో నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతపు అక్షరాస్యత 50 శాతమునకు లోపే. తెలంగాణములో అన్నిటికంటె తక్కువ అదియే. పాలమూరు కూలీలు ముంబయి, పూణే వంటి దూరపు పట్టణములకు వలసపోవుట తరతరముల కథ. గద్వాల చుట్టునున్న విత్తన పత్తి చేలలో పూవులు కలుపు పనికి బడిపిల్లలను దింపుట పలుమారులు బయటపడిన సంగతియే. ఇట్టి ఇండ్లలో మూడవ తరగతి బిడ్డయే వంశమున మొదటి చదువరి. బడి పుస్తకములు తీసివేసినచో, మనమిచ్చిన బహుమానమే ఆ ఇంటి ఏకైక పుస్తకము కావచ్చును. అది విసుగు పుట్టించినచో, చదువనగా విసుగే యని ఆ బిడ్డ తీర్మానించుకొనును. రేపు ఆ చేయి పరిశుద్ధ గ్రంథమును మాత్రము ఆశతో తెరచునా?

2022 మార్చి 8న 'మన ఊరు–మన బడి' కార్యక్రమము వనపర్తిలోనే ప్రారంభమైనది. అదే సంవత్సరము చదువుట, వ్రాయుట, లెక్కలు గట్టిపరచుటకు 'తొలిమెట్టు' వచ్చినది. గోడలు ప్రభుత్వము కట్టించును, అక్షరములు గురువు నేర్పును. చదువవలెనను ఆకలిని మాత్రము మంచి పుస్తకమే పుట్టించును.

మన బహుమాన పుస్తకములలో నేను చూచుచున్న ముఖ్య దోషము ఒక్కటి. కథ తోకకు నీతిని ముడివేయుదురు. మంచి బాలునికి మిఠాయి, చెడ్డ బాలునికి కుక్కకాటు. చివర పెద్ద అక్షరములలో ఉపదేశము. బిడ్డ రెండవ పుటలోనే ముగింపును కనిపెట్టును. నీతి చెడ్డదని నేననుట లేదు. కథ చేయవలసిన పనిని ఉపదేశము లాగుకొనుచున్నది అనుచున్నాను.

లేఖనములు కథ చెప్పు తీరు చూడుడి. నాతాను దావీదునొద్దకు వచ్చి, బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను. రాజు కథలో మునిగి, తన తీర్పు తానే పలికెను. ఆ పిమ్మటనే ప్రవక్త వ్రేలు చూపెను. తప్పిపోయిన కుమారుని కథలో పెద్ద కుమారుడు ఇంటి వెలుపలనే నిలిచియున్నాడు. అతడు లోపలికి వెళ్లెనా లేదా, ప్రభువు చెప్పలేదు. విత్తువాని ఉపమానమును విడమరచెను గదా అందురేమో. అది శిష్యులు అడిగిన తరువాత, ఏకాంతమున జరిగినది. మొదట కథ, తరువాత ప్రశ్న, అడిగినచో వివరణ. ఈ వరుసను మన పుస్తకములు తలక్రిందులు చేయుచున్నవి.

జంతువులు మాటలాడు కథలు అబద్ధములు కావా, పౌలు కట్టుకథలను విసర్జింపుమనెను గదా అని కొందరు విశ్వాసులు సందేహింతురు. పౌలు తిమోతిని హెచ్చరించినది సత్యబోధను చెరుపు కల్పనలను గూర్చి. నక్క, కాకి కథలను గూర్చి కాదు. న్యాయాధిపతుల గ్రంథములో యోతాము చెప్పిన కథలో చెట్లే రాజును వెదకుకొనుచు పోయి, తుదకు ముండ్లపొదను అడుగును. లేఖనములలో చోటు దొరకిన కల్పనకు మన ఆదివారపు బడిలో చోటు లేదా?

మన పెద్దలును ఈ మార్గమెరిగినవారే. పిల్లల కొరకు బొమ్మలతో పాఠ్యపుస్తకమును కూర్చి 1658లో వెలువరించిన కొమీనియసు ఒక సంఘమునకు బిషప్పు. బన్యను 'యాత్రికుని ప్రయాణము' మొదటి భాగము 1678లో అచ్చైనది. అది పిల్లల కొరకు వ్రాసినది కాదు. అయినను అందులో దారి, ఊబి, రాక్షసుడు ఉండుటచేత పిల్లలు దానిని తమదిగా చేసికొనిరి.

ఇక ఏ పుస్తకములు కొనవలెను?

ఒకటి, రెండు తరగతులవారికి పుటకు రెండు మూడు వాక్యములు, నిండైన బొమ్మ యున్న పుస్తకములు కావలెను. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయము, చెన్నైలోని తూలికవారి పుస్తకములు, హైదరాబాదులోని మంచి పుస్తకమువారి ప్రచురణలు, ప్రథమ్ బుక్స్‌వారి కథలు చూడదగినవి. ప్రథమ్‌వారి ఒక కథలో శృంగేరి శ్రీనివాసుడను రైతు ఏడాదికొక్కసారి జుట్టు కత్తిరించుకొనును. ఆ దినమున మంగలికి తీరిక లేదు, మరెవరికిని తీరిక లేదు. తుదకు ఒక పులి వలన ఆ పని ఎట్లు తీరినదో పిల్లలే చదువుకొందురు గాక. అందులో ఉపదేశము లేదు. నవ్వు గలదు, తరువాత ఏమగునను ఆత్రము గలదు. ఆ వయస్సునకు అదియే చాలును.

మూడు, నాలుగు తరగతులవారికి టాల్‌స్టాయి చిన్న కథలు ఇయ్యుడి. ఆయన 1859లో తన ఊర పల్లె రైతుల పిల్లలకు బడి పెట్టి, వారి కొరకు 1872లో వాచకము వెలువరించెను. కూలి చేయువారి బిడ్డలకు ఎట్టి వాక్యము అందునో ఎరిగి వ్రాసిన చేయి అది. 1947 జూలైలో మొదలైన 'చందమామ' నేడు వెలువడుట లేదు. కాని పాత సంచికలు దొరకినచో విడువకుడి. కొడవటిగంటి కుటుంబరావుగారు దిద్దిన ఆ తేట తెలుగును, చిత్రా, శంకర్‌ల బొమ్మలను మించినవి అరుదు. బేతాళుడున్నాడని భయపడువారికి ఒక్క మాట: ఆ కథ ప్రతిసారి ప్రశ్నతో ముగియును, బిడ్డ ఆలోచింపక తప్పదు.

ఐదవ తరగతికి 'రైలుబడి'. జపానుకు చెందిన తెత్సుకో కురొయనగి తన చిన్ననాటి బడిని గూర్చి 1981లో ప్రకటించిన గ్రంథమునకు ఇది తెలుగు. అధ్యాయములు చిన్నవి; దినమునకొకటి బిగ్గరగా చదివి వినిపింపవచ్చును. పోలియో సోకిన తోటి బాలుని చెట్టెక్కించుటకు ఆ చిన్నపిల్ల పడిన పాట్లు చదువునప్పుడు, ఇంటికప్పు విప్పి పక్షవాయువు గలవానిని దింపిన నలుగురు మనకు గుర్తుకు రాకపోరు. ఆ మాట పుస్తకము చెప్పదు, చెప్పనక్కరలేదు. ముళ్లపూడివారి 'బుడుగు' గొప్పదే. కాని ఆ హాస్యము పెద్దలకే ఎక్కువ అందును, ఆ పలుకుబడి కోస్తా ప్రాంతపుది. ఒంటరిగా ఇయ్యక, ప్రక్కన కూర్చుండి చదువుడి.

పలుకుబడి సంగతి చిన్నది కాదు. మన బిడ్డ ఇంట వినుమాట పుస్తకమున కనబడినప్పుడు దానిని తనదనుకొనును. తుంగభద్ర ఆవలి కర్నూలులో డాక్టరు ఎం. హరికిషన్‌గారు సీమ నుడికారముతో వ్రాసిన పిల్లల కథలు అలంపురపు పిల్లలకు దగ్గరగా తోచును. నాటి అనంతపురము జిల్లా చెన్నేకొత్తపల్లినుండి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలే కథలు వ్రాసిరి. మన సీమ మాత్రము ఇంకను బాకీ పడియున్నది. నూలు చీరకు పట్టు అంచును గద్వాల నేతగాడు ఎట్లు కలుపునో, వనపర్తి దగ్గర సరళాసాగరపు సైఫనులు నీరు నిండగనే వాటంతట అవి ఎట్లు పారునో, నల్లమల చెంచులు తేనె ఎట్లు తీయుదురో ఎనిమిదేండ్ల బిడ్డకు బొమ్మలతో చెప్పు పుస్తకము నా కంట పడలేదు. మన ఉపాధ్యాయులలో ఎవరైనను పూనుకొనవలెను.

సంఘములు చేయగల పని సులువైనది. కొనకముందు ఆ పుస్తకమును ఇద్దరు ముగ్గురు పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించుడి. మరల చదువుమన్నచో కొనుడి, కిటికీవైపు చూచినచో విడువుడి. ప్రథమ్‌వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవరులో తెలుగు కథలు ఫోనులో ఉచితముగా దొరకును. అచ్చు తీసికొనుటకును అనుమతి గలదు. ప్రతి మందిరమున ఒక చెక్కపెట్టె, అందులో నలువది పుస్తకములు, ఆదివారమున ఇచ్చి మరు ఆదివారమున పుచ్చుకొను ఒక యౌవనస్థుడు. ఇంతే కావలెను. చిరిగిన పుస్తకమునకు జరిమానా వేయకుడి, అది చదివిన గురుతు.

చిన్నబిడ్డలను తనయొద్దకు రానిచ్చిన ప్రభువు, వారికి కథలు చెప్పుటకు సిగ్గుపడని ప్రభువు. ఈ పండుగకు మనమిచ్చు పుస్తకమును ఆ బిడ్డ దీపము క్రింద కూర్చుండి, అక్షరము రాని అవ్వకు చదివి వినిపించును గాక. అవ్వ, "ఇంకొకటి చదువు బిడ్డా" అనును గాక.