ఎర్ర కంగారూ నీటి లెక్క

ఆస్ట్రేలియా నడిగడ్డలో వేసవి మధ్యాహ్నం నీడపట్టునే 40 డిగ్రీలు దాటుతుంది. ఎర్ర కంగారూ ఆ వేళకు చెట్టు కింద చేరి, పైమట్టి గీరి, అడుగున తేలిన చల్లని మన్నులో ఒదుగుతుంది. తోకను కాళ్ల మధ్య నుంచి ముందుకు లాక్కుంటుంది. ఎండ తగిలే ఒళ్లు అంతమేరకు తగ్గుతుంది. మేత చాలావరకు పొద్దువాలాకే. ఒళ్లు వేడెక్కకపోతే దాన్ని చల్లార్చే నీళ్లూ మిగిలినట్టే.

వేడెక్కక తప్పనప్పుడు ముంజేతులను నాకి ఉమ్మితో తడుపుతుంది. అక్కడ చర్మం కిందే సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉన్నాయి. వేడికి వాటిలో రక్తం ఎక్కువగా పారుతుంది. ఉమ్మి ఆవిరవుతూ ఆ వేడిని లాగేసుకుంటే, చల్లబడిన రక్తం ఒంట్లోకి మళ్లుతుంది. చెమర్చే మట్టికుండ నీళ్లను చల్లబరిచేదీ ఇలాగే. కుండ ఒళ్లంతా చెమర్చాలి. కంగారూకు రక్తం పైకి తేలే చోటు తడిస్తే చాలు. గెంతుతూ పరుగెత్తేటప్పుడు చెమటా పడుతుంది. పరుగు ఆగగానే చెమట ఆగిపోతుంది, ఆపైన చల్లార్చే పని వగర్పుది.

ఉమ్మికి ఇంకో పని ఉంది. ఒంట్లో మాంసకృత్తులు విరిగితే యూరియా మిగులుతుంది. దాన్ని మూత్రంలో పంపాలంటే నీళ్లు కావాలి. కంగారూ అందులో కొంత భాగాన్ని ఉమ్మి ద్వారా కడుపులోకే తిప్పి పంపుతుంది. అక్కడ గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులు యూరియాను తిని తమ మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. తర్వాత అవీ అరిగి కంగారూకే ఆహారమవుతాయి. నెమరువేసే మన పశువుల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. మిగిలిన యూరియాను మూత్రపిండాలు కొద్దినీటితో చిక్కటి మూత్రంగా వదులుతాయి. పెద్దపేగు తడి పీల్చేశాక పెంటిక పొడిగా రాలుతుంది.

వీటన్నిటి వెనుకా నెమ్మదిగా నడిచే శరీరం ఉంది. విశ్రాంతిలో ఉన్న కంగారూ ఖర్చుచేసే శక్తి, అంతే బరువున్న, సంచి లేని క్షీరదంతో పోలిస్తే సుమారు 70 శాతమే. శక్తి తక్కువ ఖర్చయితే లోపల పుట్టే వేడి తక్కువ, కావలసిన మేత తక్కువ, కడగవలసిన వ్యర్థమూ తక్కువే. పచ్చి మేత దొరికినంతకాలం అందులోని తడే దానికి చాలావరకు సరిపోతుంది. పక్కనే నీటిగుంట ఉన్నా రోజుల తరబడి అటు వెళ్లదు.