నకలు కోబ్రా కొనే ముందు

1962లో షెల్బీ కోబ్రా అనే కొత్త స్పోర్ట్స్ కారు గురించి అమెరికా మోటారు పత్రికలు పోటీపడి రాశాయి. ఒక్కో పత్రిక నడిపి చూసిన బండి ఒక్కో రంగులో ఉంది. చదివినవాళ్ళు కార్లు కుప్పలు తెప్పలుగా తయారవుతున్నాయనుకున్నారు. ఉన్నది ఒక్కటే. ఒక పత్రికవాళ్ళు తిప్పి ఇవ్వగానే రంగు మార్చి రెండోవాళ్ళకు పంపేవారు. సీఎస్ఎక్స్ 2000 నంబరు గల ఆ మొదటి కోబ్రా 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది.

అంత ఖరీదైన బండిని వాన మబ్బు పట్టిన రోజున బయటికి తీసే ధైర్యం ఎవరికుంటుంది? 1962 నుంచి 1967 దాకా తయారైన అసలు కోబ్రాలు వెయ్యికి అటూ ఇటూ. వాటిలో మామూలువి కూడా ఇవాళ పది లక్షల డాలర్ల మాట. కాబట్టి మనకు రోడ్డు మీద కనిపించే కోబ్రా నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నకలే. 2019లో వచ్చిన ‘ఫోర్డ్ వి ఫెరారీ’ సినిమాలో పరుగెత్తిన పందెపు కార్లు కూడా చాలావరకు నకళ్ళే.

నకలు అనగానే ముఖం చిట్లించే పెద్దమనుషులు ప్రతి కార్ల ప్రదర్శనలోనూ తగులుతారు. వాళ్ళకు ఒక సంగతి గుర్తు చేయాలి. కోబ్రా పుట్టడమే అతుకుల బొంతగా పుట్టింది. లండన్ పక్కన థేమ్స్ డిటన్‌లో ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీ 1953 నుంచి ఏస్ అనే తేలికపాటి రెండు సీట్ల బండి చేసేది. దానికి ఇంజన్ ఇస్తున్న బ్రిస్టల్ కంపెనీ ఆ ఇంజన్ తయారీ మానుకుంది. సరిగ్గా అప్పుడే టెక్సస్ మనిషి కరోల్ షెల్బీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన 1959లో లీ మాన్స్ 24 గంటల పందెం గెలిచినవాడు, గుండెజబ్బు వల్ల మరుసటి ఏడే పందేలు మానుకున్నవాడు. మీ బండిలో అమెరికా వి8 ఇంజన్ పెడదాం అన్నాడు. ఇంజన్ ఫోర్డ్ ఇచ్చింది. ఇంగ్లండులో చాసిస్, బాడీ తయారై, ఇంజన్ లేకుండానే సముద్రం దాటి లాస్ ఏంజిలిస్ చేరేవి. అక్కడ షెల్బీ మనుషులు ఇంజను, గేర్‌బాక్సు బిగించేవారు. ఒకచోట బాడీ, ఇంకోచోట ఇంజన్, మూడోచోట బిగింపు: ఇవాళ నకలు బండి, అంటే రెప్లికా, తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే. మరో ముచ్చట. 427 (ఇంజన్ పరిమాణం, ఘనపుటంగుళాల్లో) అని అమ్మిన అసలు కోబ్రాల్లో కొన్నిటిలో ఉన్నది 427 ఇంజన్ కాదు, అంతకంటే చవకైన 428. అసలును పూజించేవాళ్ళు ఈ మాట పెద్దగా ఎత్తరు.

కొనేవాడు ముందు తేల్చుకోవలసింది ఆకారం. తొలి కోబ్రా సన్నటిది. 1963 నుంచి దానికి 289 ఘనపుటంగుళాల ఇంజన్ వచ్చింది. 1965లో వచ్చిన 427 మాత్రం ఏడు లీటర్ల ఇంజన్ కోసం దాదాపు కొత్తగా తయారైన బండి. చాసిస్ గొట్టాలు మూడంగుళాల నుంచి నాలుగంగుళాలయ్యాయి, పట్టీ స్ప్రింగుల స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, చక్రాల మీది రేకు ఉబ్బింది. నకళ్ళలో ఎక్కువ భాగం ఈ ఉబ్బిన రూపమే, ఎందుకంటే ఫొటోలో అదే బాగుంటుంది. నడపడానికి సన్నటిదే హాయి అని నా గట్టి అభిప్రాయం.

ఇక తయారీ. అసలు కోబ్రా ఒంటి మీద ఉన్నది అల్యూమినియం. కొయ్య అచ్చును కొలబద్దగా పెట్టుకుని, రెండు ఉక్కు చక్రాల మధ్య రేకును ముందుకీ వెనక్కీ నడిపిస్తూ, కొద్దికొద్దిగా వంపు తెచ్చి, ముక్కలను వెల్డింగుతో కలిపేవారు. చేత్తో చేసినది కాబట్టి ఏ రెండు బండ్లూ అచ్చం ఒకేలా ఉండవు. ఇవాళ కూడా ఈ పని చేసేవాళ్ళున్నారు. అమెరికాలోని యూటాకు చెందిన కర్కమ్ మోటార్‌స్పోర్ట్స్ తన అల్యూమినియం బాడీలను పోలండులోని మియెలెట్స్‌లో, ఒకప్పుడు మిగ్ యుద్ధవిమానాలు తయారైన ఫ్యాక్టరీలో చేయించింది. వాటి ధర చూశాక చాలామంది ఫైబర్‌గ్లాస్ వైపు తిరుగుతారు.

తిరగడంలో తప్పేమీ లేదు. కానీ ఫైబర్‌గ్లాస్ బాడీ ఎలా తయారవుతుందో తెలిస్తేనే దాన్ని చూడడం తెలుస్తుంది. ముందు కారు ఆకారంలో నునుపైన నమూనా చేసి, దాని మీద నుంచి అచ్చు తీస్తారు. అచ్చు లోపలి గోడకు మైనం పట్టించి, దాని మీద జెల్‌కోట్ అనే చిక్కటి పొర పూస్తారు. బయటికి కనిపించే చర్మం అదే, మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. అది కాస్త బిగిశాక గాజునార చాపలు పరిచి రెజిన్‌తో తడుపుతారు. ఆ పైన రోలరు తీసుకుని, నారలో చిక్కుకున్న గాలిబుడగలను అంచుల వైపు తోలేస్తారు. ఓపిక కావలసింది ఇక్కడే. రోలరు సరిగా ఆడనిచోట బుడగ ఉండిపోతుంది. కారు ఎండలో నిలబడిన రోజున అది పొక్కులా పైకి లేస్తుంది. ఇక బాడీని అచ్చులో ఎన్నాళ్ళుంచారన్నది రెండో సంగతి. రెజిన్ గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుంటుంది. అచ్చు ఖాళీ అయితే ఇంకో బాడీ పోసుకోవచ్చని తొందరపడి తీసేస్తే, ఆ కుంచించుకోవడం బయట జరుగుతుంది. పక్కలు అలలు తిరుగుతాయి, డోర్ల సందులు ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు అవుతాయి. మంచి తయారీదారులను, చవక తయారీదారులను వేరు చేసేది చాలాసార్లు ఈ ఎదురుచూపే.

అందుకని బండి చూడడానికి వెళ్ళినప్పుడు ఎదురుగా నిలబడి మురిసిపోకండి. వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఏటవాలు వెలుగులో బాడీ పొడవునా చూపు సాగించండి. వెలుగు గీత వంకర పోతే కారణం లోపల ఉంది. డోరు కీళ్ళ దగ్గర, బానెట్ మూలల్లో సాలెగూడు లాంటి పగుళ్ళుంటే అక్కడ బాడీ బిర్రుగా లాగబడుతోందని అర్థం. దాని మీద మళ్ళీ రంగు వేయడం వల్ల ఉపయోగం లేదు, పగులు తిరిగి వస్తుంది. నల్లరంగు లోపాలను ఇట్టే బయటపెడుతుంది, లేతరంగు దాస్తుంది. నల్లరంగు వేసి కూడా నిలబడిన బాడీ చేసినవాడు పనిమంతుడే.

బాడీ కింద ఉన్న సగం, కారు ఏ దేశంలో తయారైందన్న దాన్ని బట్టి ఉంటుంది. 1995లో మసాచుసెట్స్‌లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టిన ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్, ఒక పాత ఫోర్డ్ మస్టాంగ్‌ను విప్పి దాని ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు తమ చాసిస్‌లోకి మార్చుకునేలా కిట్ రూపొందించింది. అలా అవయవాలిచ్చే కారును డోనర్ అంటారు. బ్రిటన్‌లో చాలాకాలం డోనర్ పని జాగ్వార్ ఎక్స్‌జే చేసింది. దాని వెనక సస్పెన్షన్ సుకుమారంగా ఉంటుంది, కానీ బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాకుండా మధ్యలో డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి. వాటిని మార్చవలసి వస్తే మెకానిక్ మిమ్మల్ని చాలాసేపు తిట్టుకుంటాడు. దక్షిణాఫ్రికా నుంచి సూపర్‌ఫార్మెన్స్, బ్యాక్‌డ్రాఫ్ట్ కంపెనీల బండ్లు ఇంజన్, గేర్‌బాక్సు తప్ప మిగతావన్నీ బిగించుకునే వస్తాయి. షెల్బీ పద్ధతి అచ్చంగా కొనసాగుతున్నది నిజానికి వీటిలోనే. షెల్బీ మాత్రం నకలుదారులను కోర్టుకు లాగాడు. ఫ్యాక్టరీ ఫైవ్‌తో తగాదా రాజీలో ముగిసింది. 1990లలో ఆయన కూడా సీఎస్ఎక్స్ 4000 వరస నంబర్లతో కొత్త కోబ్రాలు చేసి అమ్ముకున్నాడు.

పేరు హక్కు కంపెనీది అన్నంతవరకు నేను ఒప్పుకుంటాను. నకలు మీద పాము బిళ్ళ అంటించి అసలుగా చెలామణీ చేయడం మోసం. ఆకారం మీద హక్కు ఎవరిదన్నది ఇంకా తేలని తగువు. స్వీడన్‌లో ఒక జంట సొంతంగా కట్టుకున్న జాగ్వార్ సీ-టైప్ నకలు మీద జాగ్వార్ కంపెనీ దావా వేస్తే, 2020లో కింది కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది, 2023లో పై కోర్టు దాన్ని తిరగేసింది.

ఇప్పుడు అసలు విషయం, కాగితాలు. రెప్లికా మార్కెట్లో నష్టపోయేవాళ్ళలో చాలామంది ఇంజన్ చూసి కొని, కాగితాల దగ్గర చిక్కుకుంటారు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే పరీక్ష నెగ్గాలి. 2009 నుంచి అమల్లో ఉన్న ఈ పరీక్షలో ఎంత చాదస్తమంటే, బయటికి పొడుచుకొచ్చిన అంచుల గుండ్రదనం రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గిందేమోనని గేజీ పెట్టి కొలుస్తారు. బండి వయసు, మూలం తేలకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అది ఉన్నంత మాత్రాన బండి చెడ్డది కాదు కానీ, అమ్మబోయినప్పుడు ధర తగ్గుతుంది. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. కాలిఫోర్నియాలో ఎస్‌బీ 100 అనే చట్టం కింద సొంతంగా కట్టిన కార్లకు పొగ నిబంధనల సడలింపు ఏడాదికి 500 బండ్లకే ఇస్తారు. వేరే రాష్ట్రంలో చవగ్గా దొరికిందని కొని అక్కడికి తీసుకెళ్ళేవారు ఆ సంఖ్యను గుర్తుపెట్టుకోవాలి. టైటిల్ అనే యాజమాన్య కాగితం మీద ఏం రాసుందో, చాసిస్ మీద కొట్టిన నంబరు అదేనో కాదో మీ కళ్ళతో మీరే చూడండి. నకలు కారుకు ‘1965 షెల్బీ’ అని టైటిలుంటే అది గొప్ప కాదు, రేపటి తలనొప్పి. బీమా కూడా ముందే విలువ ఒప్పుకునే కంపెనీలో తీసుకోవాలి. మామూలు బీమా వాళ్ళ లెక్కలో మీది ఊరూ పేరూ లేని బండి.

కాగితాల తరువాత నేను అడిగేది బండి కట్టినవాడి ఫైలు. శ్రద్ధగా కట్టినవాడు ప్రతి బోల్టు రసీదు దాస్తాడు, వైరింగు బొమ్మ గీసుకుంటాడు, చాసిస్ ఖాళీగా ఉన్నప్పటి నుంచి ఫొటోలు తీస్తాడు. ఆ ఫైలు లేని కారులో షార్ట్ సర్క్యూట్ అయితే ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పేవాడు ఉండడు. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు సైలెన్సరుకు ఎంత దూరంలో వెళుతున్నాయో లిఫ్టు మీద పెట్టి చూడాలి. ఇంజన్ చల్లగా ఉండగా మీ ఎదుటే స్టార్ట్ చేయమనాలి. మీరు వెళ్ళేసరికే వేడెక్కి ఉంటే మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

టైర్ల గురించి ఒక మాట. రెప్లికాలు ఏడాదికి వెయ్యి మైళ్ళు కూడా తిరగవు. టైర్లు కొత్తవాటిలా మిలమిలలాడుతుంటాయి, లోపల రబ్బరు ఎండిపోయి ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 3212 అంటే 2012లో 32వ వారం. అలాంటి టైర్లతో, ఏబీఎస్ లేని, టన్నుకు కాస్త పైన తూగే బండిని నాలుగువందల హార్స్‌పవర్‌తో తడి రోడ్డు మీదికి తీసుకెళ్ళడం ఎలాంటిదో వేరే చెప్పాలా? కొన్న వారంలోనే టైర్లు మార్చే ఖర్చు బేరంలో కలుపుకోండి.

నడిపితే ఎలా ఉంటుందో అమ్మేవాడు పూర్తిగా చెప్పడు. పెడల్స్ ఇరుకు, వెడల్పు బూట్లతో క్లచ్చూ బ్రేకూ కలిసి నొక్కుకుపోతాయి. కాళ్ళ దగ్గర వేడి. పక్కన పోయే సైలెన్సరు గొట్టం దిగేటప్పుడు పిక్కను తాకితే చురుక్కుమంటుంది. దాన్ని ఈ కార్లవాళ్ళు పాము కాటు అని ముద్దుగా పిలుచుకుంటారు. పైకప్పు ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఇంత చెప్పాక కూడా, మూడో గేరులో ఆ వి8 గొంతు విప్పిన క్షణాన పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు నవ్వకుండా ఉండలేరు. ఆ ఆనందం ఏ వేలం పాటా అక్కర్లేకుండా, అసలు ధరలో ఇరవయ్యో వంతుకో పదో వంతుకో దొరకడమే రెప్లికా విలువ. మంచివి యాభై వేల డాలర్ల పరిసరాల్లో మొదలవుతాయి, పేరున్నవి లక్ష దాటుతాయి.

సగం కట్టి ఆపేసిన కిట్ జోలికి మాత్రం మొదటిసారే వెళ్ళవద్దు. విడిభాగాల ఖర్చు కంటే తక్కువకే ఇస్తామంటారు, నిజంగానే ఇస్తారు. అవతలివాడు ఎక్కడ ఎందుకు ఆపేశాడో కనిపెట్టడానికే మీ సెలవులన్నీ సరిపోతాయి.

ఈ కోరిక మన ఊళ్ళో తీరుతుందా అని అడిగేవాళ్ళకు సమాధానం చేదుగానే ఉంటుంది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రిజిస్టరైన బండిని తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా మార్చడానికి వీల్లేదు. పాత అంబాసిడర్‌కు వేరే బాడీ తొడిగి హైదరాబాదులోనో విజయవాడలోనో తిరగాలనుకోవడం కోరి కష్టాలు తెచ్చుకోవడమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్ళకు మాత్రం దారి తెరిచే ఉంది.

వాళ్ళకు నా సలహా ఇది: 289 రూపం, ఐదు లీటర్ల ఫోర్డ్ ఇంజన్, కట్టడం పూర్తయి రెండు మూడు వేల మైళ్ళయినా తిరిగిన బండి, దాంతోపాటు టైటిలూ ఫైలూ. ఇంజన్ పెద్దదైనా చిన్నదైనా సర్దుకుపోవచ్చు, రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు. టైటిల్ తేడాగా ఉన్నా, ఫైలు లేకపోయినా బయానా ఇవ్వకుండా తిరిగి రండి.