ఈ-పుస్తకముల వెల నిర్ణయించు నధికారము

గ్రంథమును బ్రకటించువాఁ డొకఁడు, విక్రయించువాఁడు మఱియొకఁడు. వీరిలో వెల నిర్ణయింపఁదగినవాఁ డెవ్వఁడను ప్రశ్నకు ఈ-పుస్తకముల మూలమున అమెరికా దేశమునఁ గ్రొత్త బలము కలిగినది. పైకిఁ జూడఁగా నీ వివాదము ధనలాభమునకై జరిగిన కలహమువలెఁ దోఁచును. లెక్క చూచినచో నట్లు తోఁపదు.

2007వ సంవత్సరమున అమెజాన్ సంస్థ కిండిల్ అను పఠనయంత్రమును వెలువరించి, క్రొత్త గ్రంథములఁ బెక్కింటిని 9.99 డాలర్లకు విక్రయింప నారంభించెను. నాఁటి పద్ధతి టోకు బేరము. ఉదాహరణమునకు 26 డాలర్ల వెల వేయఁబడిన గ్రంథమునకుఁ బ్రకాశకుఁడు సగము, అనఁగా 13 డాలర్లు పుచ్చుకొనును. పిదప వర్తకుఁడు తన యిచ్చవచ్చిన వెలకు విక్రయించుకొనును. ప్రతి యొక్కంటికి వర్తకునకు 3 డాలర్లు నష్టము వచ్చినను బ్రకాశకునకుఁ గొఱఁత లేదు.

2010లో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌తోఁ గూడ మఱియొక పద్ధతిఁ దెచ్చెను. ఇందు వెల నిర్ణయించువాఁడు ప్రకాశకుఁడే. వర్తకుఁడు ప్రతినిధి మాత్రుఁడై నూటికి 30 వంతులు పుచ్చుకొనును. ఆ గ్రంథమే 12.99 డాలర్లకు విక్రయింపఁబడినచోఁ బ్రకాశకునకు దక్కునది 9.09 డాలర్లు మాత్రమే. అయినను బెద్ద ప్రకాశకు లైదుగురు దీని నంగీకరించిరి. తక్కువ సొమ్మునకు వీ రేల యొడఁబడిరి? పాఠకులు చౌక వెల కలవాటుపడినచో ముద్రిత గ్రంథముల వెలయుఁ గ్రుంగుననియు, వర్తకుఁ డొక్కఁడే ప్రభువగుననియు వీరి భయము. అది నిరాధారము కాదు. ఆ యేఁడు జనవరిలో మాక్మిలన్ సంస్థ క్రొత్త పద్ధతిఁ గోరఁగా, అమెజాన్ కొన్నాళ్లు ఆ సంస్థ గ్రంథములను దాను విక్రయించుటయే మానెను.

అయినను బోటీ పడవలసినవా రొక్కటియై వెల పెంచుట న్యాయము కాదు. 2012లో అమెరికా ప్రభుత్వము వ్యాజ్యము వేసెను. ప్రకాశకు లైదుగురును విచారణకు ముందే రాజీపడిరి. ఆపిల్ పోరాడి 2013లో నోడెను. 2015లో పై న్యాయస్థానము ఆ తీర్పునే స్థిరపఱచెను. తప్పుగా నెంచఁబడినది కూడబలుకుకొనుటయే కాని ప్రతినిధి పద్ధతి కాదు. కావుననే 2014, 2015 సంవత్సరములలోఁ బెద్ద ప్రకాశకులు వేఱువేఱుగా అమెజాన్‌తో నొడంబడికలు చేసికొని, వెల నిర్ణయించు నధికారమును మరలఁ బడసిరి.

ఈ వాదమునందు గ్రంథకర్త మాట వినవచ్చుట యరుదు. ఈ-పుస్తకములపైఁ దమకు వచ్చు రాబడిలో నూటికి 25 వంతులు గ్రంథకర్త కిచ్చుట పెద్ద సంస్థలలో వాడుక. పై గ్రంథమునకే తొలి పద్ధతిని 3.25 డాలర్లు రావలసినచోట రెండవ పద్ధతిని 2.27 డాలర్లు మాత్రమే వచ్చును. పాఠకుఁడు 3 డాలర్లు ఎక్కువ యిచ్చెను. గ్రంథకర్త దాదాపొక డాలరు తక్కువ పొందెను. ప్రకాశకుఁడు గెలుచుకొనిన యధికారమునకు మూల్యము చెల్లించినవారిలో వీ రిరువురును గలరు. ఏ పద్ధతి మేలని విచారించువా రీ లెక్కను మొదటఁ జూడవలెను.