పులుపు ముద్దతో పొంగే రొట్టె

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1898 నాటి ఫెర్రీ బిల్డింగ్ 2003 నుంచి తిండి దుకాణాల బజారు. 1983లో బర్క్‌లీలో మొదలైన ఆక్మీ బ్రెడ్ అనే బేకరీకి ఇక్కడో కొట్టుంది. అక్కడ దొరికే సౌర్‌డో అనే పుల్లటి రొట్టెకు ఈస్ట్ పొట్లం అక్కర్లేదు; పిండి, నీళ్లు, ఉప్పు, మేత వేస్తూ బతికించుకునే పులుపు ముద్ద చాలు. అందులోని సహజ ఈస్ట్ పొంగిస్తుంది. దోసెపిండిలో లాగే లాక్టిక్ బాక్టీరియా పులుపునిస్తుంది. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టెల్లో గుర్తించిన బాక్టీరియాకు ఊరి పేరే పెట్టారు. పొయ్యిలో పెట్టే ముందు బ్లేడుతో వేసే గాటులోనే అసలు పనితనం. లోతు చాలకపోతే రొట్టె పక్కకు పగులుతుంది, మరీ ఎక్కువైతే చదునుగా పరుచుకుంటుంది. మొదట ఆవిరి తగిలినంతసేపు పైపొర మెత్తగా సాగుతుంది. తర్వాత ఎర్రగా కాలి కరకరలాడుతుంది. వేడి మీద కోస్తే లోపల జిగురు. ఎంత ఆకలేసినా చల్లారనివ్వాల్సిందే.