తొమ్మిది గంటల అతుకు

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్ళూ కొంగూ కలిసే చోటే నేతగాడి పనితనం తెలుస్తుంది. ఒక్కో నూలు పోగు కొసను ఒక్కో పట్టు పోగు కొసకు చేత్తో మెలిపెట్టి అతకాలి. పోగులు వేలల్లో ఉంటాయి, తొందరపడితే తెగుతాయి. ఆన్‌లైన్ ఆట మానేసి మళ్ళీ పనిలో పడ్డ నా రోజులు తలచుకుంటే ముందుగా ఆ అతుకే కళ్ళముందు మెదులుతుంది.

2020 లాక్‌డౌన్‌లో నేను పాఠాలు చెప్పే బడి మూతపడింది. అప్పుడు పట్టాను పబ్‌జీ. విమానంలోంచి వందమంది దూకుతారు. చుట్టూ వలయం దగ్గరపడుతూ ఉంటుంది. చివరిదాకా మిగిలినవాళ్ళు గెలిచినట్టు. ఒక్కో ఆట సుమారు అరగంట. మా జట్టు నలుగురం: గద్వాలలో నేను, వనపర్తి పాలిటెక్నిక్‌లో చదివే తమ్ముడు, నాగర్‌కర్నూల్ దగ్గర వేరుశనగ పండించే అన్న, బొంబాయికి కూలికి పోయిన కుటుంబపు కుర్రాడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి నలుగురం కలిసేవాళ్ళం. ఊరంతా తలుపులు వేసుకున్న ఆ రోజుల్లో నాకోసం ముగ్గురు కాచుకుని ఉండటం నిజంగా ఊరటే. ఇవాళ దాన్ని కాదనలేను.

ఆ ఏడాది సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్‌జీ కూడా ఉంది. మేం ఇంకో ఆటకు మారాం. 2021 జులైలో పబ్‌జీ బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్ళీ పోయింది, 2023 మేలో ఇంకోసారి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మేమూ చేరాం. బడి తెరిచినా నా రాత్రులు మారలేదు. రోజూ తెరిస్తే బహుమతి, సీజన్ మారితే ర్యాంకు కిందికి. నిన్న ఎక్కిన మెట్లే మళ్ళీ ఎక్కుతూ రాత్రి రెండు దాకా మేలుకునేవాణ్ణి. పొద్దున పిల్లల ముందు నిలబడితే కళ్ళు మంటలు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మాలాంటి వాళ్ళ ఆటలు ఆ నిషేధం కిందికి రావు. వీటిని ఎవరికి వారే మానుకోవాలి.

2023 వానకాలంలో అమ్మకు మణికట్టు నొప్పి పట్టింది. మా మగ్గం మీద అంచు పోగు నడిపే నాడె అందించడానికి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. ఇన్నేళ్ళూ ఆ పని అమ్మదే. "పక్కకు మనిషి లేక మగ్గం ఆగింది బిడ్డా" అన్నాడు నాయిన. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. నాకోసం కాచుకున్నవాళ్ళు ఇంట్లోనే ఉన్నారని అప్పుడు తెలిసొచ్చింది.

చెప్పకుండా మానితే జట్టు పిలుస్తుంది, పిలిస్తే మనసు ఆగదు. అందుకని వారం ముందే ముగ్గురికీ చెప్పాను. "రాత్రికి వస్తలేవా అన్నా?" అని వనపర్తి తమ్ముడు మూడు రోజులు అడిగాడు, నాలుగో రోజు మానేశాడు. యాప్ తీసేస్తే చాలదు, నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. ఖాతానే తుడిచేశాను. తొమ్మిదయితే చాలు, చెయ్యి ఫోన్ కోసం వెతికేది. మొదటి పది రోజులు నరకం. ఆ గంటకు మగ్గం దగ్గర కూర్చుని నాయిన చూపించినట్టు పోగులు అతికాను. నాలుగు పోగులు సరిగ్గా పడితే రెండు తెగేవి. తెగినవాటిని నాయిన మాట్లాడకుండా మళ్ళీ అతికేవాడు. నెల తిరిగేసరికి నిద్ర కుదిరింది. ఇప్పుడు పొద్దున బడి, సాయంత్రం నాడె, ఆదివారం నూలు పని. ఊపిరాడని రోజులే, కానీ రాత్రి పడుకునేటప్పుడు ఆ రోజు నేసిన మూర గుడ్డ మగ్గం మీద ఉంటుంది.

జట్టును మాత్రం వదులుకోలేదు. మూడేళ్ళు రాత్రంతా మాట్లాడుకున్నా, బస్సెక్కితే చేరుకునే దూరంలో ఉన్న మేం ముగ్గురం కూడా ఒకరి ముఖం ఒకరు చూడలేదు. మధ్యలో ఉంది కదా అని వనపర్తిలోనే కలిశాం. అన్న ఒక సంచి నిండా పల్లికాయ తెచ్చాడు. ఆ సాయంత్రం ఎవరం ఆట ఊసెత్తలేదు.

ఆట మీద అదుపు తప్పడం, అన్ని పనులకంటే అదే ముందుకు రావడం, నష్టం తెలిసీ ఆపలేకపోవడం: ఇవి సాధారణంగా కనీసం ఏడాది సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగా లెక్కిస్తుంది. ఆ స్థితికి చేరినవాళ్ళు సిగ్గుపడకుండా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దలకు ఒక మనవి. పిల్లవాడి చేతిలోంచి ఫోన్ లాక్కునే ముందు, మీ పనిలో వాడికి ఒక చోటు చూపించండి. నువ్వు లేకపోతే ఈ పని ఆగుతుందని నిజాయితీగా చెప్పండి. తెగిన పోగును మళ్ళీ అతకడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.