తిరగేసి చూడాల్సిన కార్లు

కోనసీమలోని బండారులంకలో చీర బేరానికి కూర్చున్నవాళ్ళని చూస్తే ఎవరు ఈ ప్రాంతం వాళ్ళో, ఎవరు పైనుంచి వచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. పైనుంచి వచ్చినవాళ్ళు కొంగు విప్పమంటారు. ఇక్కడివాళ్ళు ముందు బట్ట తిరగేస్తారు. బుటా వెనక పోగులు ఎలా కత్తిరించారు, అంచు దగ్గర పేక బిగిసిందా జారిందా అన్నది అక్కడే బయటపడుతుంది. ముఖం వైపు ఏ నేతగాడైనా జాగ్రత్తపడతాడు. వెనకవైపు కూడా అంతే జాగ్రత్త పడ్డవాడి చీరకే ఈ ఊళ్ళో మర్యాద.

అదే మనుషులు కారు కొనడానికి అమలాపురమో రాజమండ్రో వెళ్ళేసరికి ఈ తెలివి ఇంట్లో వదిలేసి వెళ్తారు. స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా, రంగులేమున్నాయి, ఎక్స్ఛేంజికి ఎంతిస్తారు! అంతా కొంగు వైపే. ఆమధ్య మా బావమరిది కొత్త బండి తీసుకుందామని తిరిగి తిరిగి రెండింటి దగ్గర ఆగాడు: టాటా నెక్సాన్, కియా సోనెట్. తోడు రమ్మంటే వెళ్ళాను. షోరూముల్లో కార్ల కింద టార్చిలైటు వేసి చూస్తుంటే, "బావగారూ, అక్కడేముంటుందండీ చూడ్డానికి?" అన్నాడు. అక్కడ కనిపించినదంతా కలిపితే ఈ వ్యాసం.

రెండు బండ్ల పొడవూ 3,995 మిల్లీమీటర్లే. ఇది కాకతాళీయం కాదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం తగ్గిస్తూ ఒక గీత గీశారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు; పెట్రోల్ ఇంజనైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించకూడదు. సుంకం పోయి జీఎస్టీ వచ్చినా గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు లోపలున్న పెట్రోల్, డీజిల్ కార్లకు 18 శాతం, బయట ఉన్నవాటికి 40 శాతం. ఆ తేడా చూశాక ఏ ఇంజనీరైనా గీతకు ఐదు మిల్లీమీటర్లు ఇవతలే ఆగుతాడు.

గీత గీయడం సులువే. దాని లోపల ఇంజను, ఐదుగురు మనుషులు, సంక్రాంతికి అత్తారింటికి పట్టుకెళ్ళే సామాను అన్నీ ఇరికించి, పైగా చూసేవాళ్ళకి తోక తెగ్గోసినట్టు అనిపించకుండా చెయ్యాలి. ఈ లెక్కని ఇద్దరు రెండు రకాలుగా విప్పుకున్నారు. నెక్సాన్ నమూనాని టాటావాళ్ళు 2014 ఆటో ఎక్స్‌పోలో చూపించారు, 2017 సెప్టెంబర్‌లో అమ్మకానికి తెచ్చారు. పైకప్పుని వెనక్కి వాలుగా దించి, పొట్టితనాన్ని ఆ వాలులో దాచేశారు. కూపే కారు చూస్తున్నామన్న భ్రమలో కన్ను వెనకభాగం పొడవు కొలవదు. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన సోనెట్ అలాంటి ఉపాయం జోలికి పోలేదు. వెనక నిలువుగా, నిటారుగా నిలబడింది. ఉన్న పొడవు ఇంతేనని ఒప్పుకుని, ముందు గ్రిల్లులోనూ దీపాల గీతల్లోనూ పట్టు చూపించింది. గీతల మీది చెయ్యి మాత్రమే చూసి మార్కులు వెయ్యమంటే నేను నెక్సాన్ వైపు మొగ్గుతాను. ఆ వాలు కప్పు కింద కూడా వెనక కూర్చున్నవాళ్ళ తలకీ మోకాళ్ళకీ చోటు మిగల్చడం చిన్న పని కాదు. వెడల్పు 1,804 మిల్లీమీటర్లు కావడంతో ముగ్గురు పెద్దవాళ్ళు భుజాలు ఒరుసుకోకుండా కూర్చుంటారు. సోనెట్ 1,790. కాగితం మీద పద్నాలుగే తేడా, కానీ వెనక సీట్లో అంతకన్నా ఎక్కువే తెలుస్తుంది. సోనెట్ వెనక సీటు ఇద్దరికి హాయి, మూడోవాళ్ళు సర్దుకోవాలి.

ఇక తిరగేసి చూసే పని.

తలుపు తెరిచి దాని అంచు లోపలివైపు వేలితో తడమండి. కారు తలుపు ఒక్క రేకు కాదు. పైరేకు అంచుని లోపలి రేకు మీదికి మడిచి నొక్కుతారు. ఆ మడత నీరు నిలవడానికీ తుప్పు పుట్టడానికీ మొదటి చోటు, అందుకే దాని మీద సీలెంటు పూస్తారు. పూత ఒకే మందంలో, తెగకుండా, మూలల్లో కూడా సాగిందంటే ఆ ఫ్యాక్టరీలో ఎవరో శ్రద్ధపెట్టారు. సోనెట్‌లో నాకు నచ్చిన మొదటి పని ఇదే. నాలుగు తలుపుల్లోనూ సీలెంటు ఒకే తీరుగా ఉంది. బానెట్ ఎత్తి, ఫెండరుకీ బానెట్‌కీ మధ్య సందు ఎడమవైపు ఎంతుందో కుడివైపూ అంతే ఉందా అని చూశాను. వేలిగోరు రెండువైపులా ఒకేలా దిగింది.

ఈ బండి పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలో తయారవుతుంది. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న పెనుకొండే. 2017 ఏప్రిల్‌లో కియా మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 జనవరిలో ట్రయల్ ఉత్పత్తి, ఆ ఆగస్టులో సెల్టోస్, మరుసటి ఏడాది సెప్టెంబర్‌కి సోనెట్. నీటికి నోచుకోని నేలకి గొల్లపల్లి రిజర్వాయరు నీళ్ళు తెచ్చి నిలబెట్టిన ఫ్యాక్టరీ అది. 2023 జూలై నాటికి అక్కడ పది లక్షల బండ్లు తయారయ్యాయి. మనవాళ్ళ చేతులమీదుగా వచ్చిన బండి అన్న అభిమానం నాకూ ఉంది, దాచను. అభిమానం పక్కన పెట్టినా ఆ అంచుల పని మెచ్చుకోవలసిందే.

రంగు గురించి ఒక మాట. ఆధునిక కార్ల ఫ్యాక్టరీల్లో సాధారణంగా కారు అస్థిపంజరాన్ని ముందు ఫాస్ఫేటు ద్రావణంలో, ఆ తర్వాత రంగు తొట్టిలో పూర్తిగా ముంచుతారు. విద్యుత్తు పంపితే రంగు రేణువులు రేకుని పట్టుకుంటాయి. స్ప్రే గన్ను చేరలేని పెట్టె మూలల్లోకి, తలుపుల కింది సిల్లు లోపలికి కూడా పూత వెళ్తుంది. మనం చూసే ఎరుపూ నీలమూ దాని మీద వేసినవే, తుప్పుని ఆపేది కింది పూత. సముద్రపు ఉప్పుగాలి, చెరువుగట్ల మీది ఉప్పుబురద, ఏడాదిలో సగం రోజుల తేమ ఉన్న కోనసీమలో ఈ కింది పూతే కారు ఆయుష్షు. తొట్టిలోంచి పైకి లేపినప్పుడు ద్రావణం కారిపోవడానికి రేకుల్లో రంధ్రాలుంటాయి. తలుపు అడుగున ఉండే రంధ్రాలు అద్దం పక్కనుంచి దిగిన వాననీటికి కూడా దారి. కొబ్బరిచెట్టు కింద బండి పెట్టేవాళ్ళు వాటిని, వైపర్ల కింది గాడిని నెలకోసారి చూసుకోవాలి. కొబ్బరాకు పొట్టూ పూతా చేరి నీరు నిలిస్తే ఎంత మంచి పూతైనా ఏం చేస్తుంది? (కాయ పడితే పడే సొట్ట సంగతి ఇన్సూరెన్సువాళ్ళతో మాట్లాడుకోవాలి.)

నెక్సాన్ దగ్గరికి వస్తే, దాని పనితనం అంచుల్లో కాదు, ఎముకల్లో ఉంది. తలుపు తెరిస్తేనే చేతికి బరువు తెలుస్తుంది. వేస్తే బొంగురు చప్పుడు. చప్పుడుని బట్టి గట్టితనం చెప్పకూడదు, అది చాలావరకు రబ్బరు సీళ్ళ, లోపలి పలకల పుణ్యం. గట్టితనానికి సాక్ష్యం వేరే ఉంది. 2018 ఆగస్టులో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ నెక్సాన్‌ని గుద్దించి చూసినప్పుడు పెద్దవాళ్ళ రక్షణకి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. నాలుగొచ్చాయి చాలు అని టాటావాళ్ళు ఊరుకోలేదు. ముందు సీట్లో రెండోవాళ్ళకీ సీటు బెల్టు హెచ్చరిక పెట్టి, పక్కనుంచి గుద్దే పరీక్షకి కూడా నిలిచేలా చేసి అదే ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ పంపారు. ఐదు వచ్చాయి. మన దేశంలో తయారై, ఇక్కడే అమ్ముడయ్యే కార్లలో ఆ సంస్థ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి కారు అదే. 2023లో రూపు మార్చుకున్న నెక్సాన్‌కి 2024 ఫిబ్రవరిలో, అంతకంటే కఠినమైన కొత్త పద్ధతిలోనూ ఐదే.

ఈ పరీక్షలో కారుని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో, ముందుభాగంలో 40 శాతం మాత్రమే తగిలేలా గుద్దిస్తారు. మన జాతీయ రహదారి 216 మీద ఎదురుగా వచ్చే లారీ కూడా చాలాసార్లు పూర్తిగా ఎదురెదురుగా కాదు, ఒక పక్కగానే తగులుతుంది. అప్పుడు బానెట్ కింది పొడవాటి రేకు కమ్ములు ఎక్కడ మడవాలో అక్కడ మడత పడాలి, మనుషులు కూర్చున్న గది మాత్రం కదలకూడదు. మెత్తదనం ఒకచోట, మొండితనం ఇంకోచోట. ఈ రెండింటి మధ్య సరిహద్దు ఎక్కడ పెట్టాలన్నదే ఆ ఇంజనీర్ల పనితనం. గుద్దిన తర్వాత కూడా నెక్సాన్ గది నిలకడగా ఉందని పరీక్ష చేసినవాళ్ళే రాశారు. కొనేవాళ్ళు చూడలేని వెనకవైపుని నలుగురి ముందు తిరగేసి చూపించడమంటే ఇదీ. ఎయిర్‌బ్యాగుల దగ్గర మాత్రం ఇప్పటి బండ్లు రెండూ సమానమే, అన్ని మోడళ్ళలోనూ ఆరు.

లోపల కూర్చుంటే తూకం మళ్ళీ సోనెట్ వైపు వెళ్తుంది. సోనెట్‌లో ఏసీ మీటలు మీటలుగానే ఉన్నాయి. నొక్కితే చిన్న టిక్కుమని లోపలికి దిగుతాయి, అన్నింటి బిగువూ ఒకటే. రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా వేళ్ళే వెతుక్కుంటాయి. నెక్సాన్‌లో చలి, గాలి పెంచడానికి రెండు మీటలు వదిలి, మిగతావన్నీ నల్లటి నున్నటి పలక మీద తాకే గుర్తులుగా మార్చారు. షోరూములో తళతళలాడుతుంది. వైశాఖంలో చెమట చేత్తో తాకి, గట్టు రోడ్డు ధూళి రెండు వారాలు పడనిచ్చి అప్పుడు చూడండి. ఈ నున్నటి నలుపు మోజు ఒక్క టాటాకే కాదు, సోనెట్‌లోనూ కొంత ఉంది. ఎవరు మొదలుపెట్టారో గానీ, తుడిచే గుడ్డ మనచేతికిచ్చారు.

ఇంజన్ల సంగతి టూకీగా. డీజిల్లో రెండూ దగ్గర దగ్గరే: సోనెట్ 1,493 సీసీ, నెక్సాన్ 1,497. తేడా గేర్ల దగ్గర. సోనెట్ డీజిల్‌కి ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది. గేరు మారినట్టే తెలియదు, పంటు దిగి గట్టెక్కేటప్పుడు కాలు మీద బరువు ఉండదు. నెక్సాన్ డీజిల్ ఆటోమేటిక్ ఏఎంటీ, అంటే మామూలు గేరుబాక్సుకే యంత్రం చేత క్లచ్ తొక్కించే పద్ధతి. చవక, మరమ్మతు సులువు, కానీ గేరు గేరుకీ తల ఊగుతుంది. పెట్రోల్లో నెక్సాన్‌కున్న ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ దీనికన్నా ఎన్నో రెట్లు నాజూకు. టర్బో పెట్రోళ్ళు రెండూ మూడు సిలిండర్లవే. ఏసీ వేసి, బండి కదలకుండా నిలబెట్టి, స్టీరింగు మీద చెయ్యి ఆనించి వణుకు ఎంతుందో మీరే చూసుకోండి. అది ఒకరు చెప్తే తెలిసేది కాదు.

మా బావమరిదికి నేను చెప్పిందే మీకూ చెప్తున్నాను. నడిపేది ఎక్కువగా మీరొక్కరే, అమలాపురం, రావులపాలెం ట్రాఫిక్కే ఎక్కువ, డీజిల్ ఆటోమేటిక్కే కావాలి అంటే సోనెట్ తీసుకోండి. చేతికి తగిలే ప్రతి చోటా దాని పని శుభ్రంగా ఉంది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, వెనక ముగ్గురు పెద్దవాళ్ళు, రాత్రిపూట హైవే తప్పదు అంటే నెక్సాన్ పెట్రోలు. నా డబ్బు పెట్టాల్సి వస్తే నెక్సాన్‌కే పెడతాను. మీటల బిగువు లేకపోతే సర్దుకుంటాను, ఎముకల బిగువు దగ్గర సర్దుకోను.

ఏది కొన్నా ఒక పని మాత్రం తప్పకుండా చెయ్యండి. డెలివరీ రోజు బండికి పసుపూ కుంకుమా పెట్టించి దండ వెయ్యకముందే, పగటి వెలుతురులో ఒక అరగంట అడగండి. నాలుగు తలుపుల అంచులూ తడమండి, డిక్కీ అడుగు చాప ఎత్తండి, కింద టార్చి వెయ్యండి, రంగులో ట్యూబులైటు నీడ వంకర్లు పోతోందేమో చూడండి. తేడా కనిపిస్తే ఆ బండి కాదు, ఇంకోటి ఇమ్మనండి. సంతకం పెట్టాక అడిగితే వినేవాళ్ళుండరు.