రేడియో బటను – ఏకవరణ నియమము

క్రొత్త వస్తువులకు పేరు పెట్టునపుడు లోకము పాత వస్తువులను విడువదు. కంప్యూటరు తెరపై కనబడు చిన్న వృత్తమునకు 'రేడియో బటను' అను పేరు వచ్చిన తీరు ఇందులకు నిదర్శనము. పూర్వము కారులలో అమర్చిన రేడియోలకు ముందుభాగమున వరుసగా కొన్ని మీటలుండెడివి. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క కేంద్రము. ఒక మీటను లోనికి నొక్కినచో, అంతకుముందు నొక్కియున్న మీట తనంతట పైకి లేచెడిది. ఒకే సమయమున రెండు కేంద్రములను వినుట పొసగదు గనుక, రెండు మీటలు లోనికి పోకుండ యంత్రమే కట్టడి చేసినది. ఆ కట్టడియే తెరపైకి ఎక్కి వృత్తముగను, దాని నడిమి చుక్కగను రూపము మార్చుకొన్నది. 1984లో వెలువడిన మాకింతోష్ కంప్యూటరు నాటికే ఈ రూపము స్థిరపడినది.

చెన్నపురి తెలుగువారికి ఈ పేరు వినినంతనే ఒక విశేషము స్ఫురింపక మానదు. 1938లో ప్రారంభమైన మదరాసు రేడియో కేంద్రము తమిళము, తెలుగు రెండింటను కార్యక్రమములను ప్రసారము చేసినది. నాటి మీట ఎన్నుకొన్నది కేంద్రమును గాని భాషను గాదు. ఒకే మీట వెనుక రెండు భాషలు వినవచ్చినవి. నేటి తెరమీది మీట మాత్రము భాషనే ఎన్నుకొమ్మని అడుగుచున్నది.

పాఠశాల ప్రవేశము, విద్యార్థి వేతనము, పరీక్ష రుసుము మొదలగు వ్యవహారములకు తల్లిదండ్రులు పూరించు పత్రములు నేడు చాలవరకు తెరమీదనే యున్నవి. వానిలో భాషను గూర్చిన ప్రశ్న తరచుగా నుండును. ఆ ప్రశ్నకు పెట్టిన మీట యెట్టిది, అది యెట్లు అమర్పబడినది అనునది పైకి పనివాని విషయమువలె తోచును. కాని ఒక బాలుడు తెలుగువాడుగా లెక్కకు వచ్చుటయు, రాకపోవుటయు దానిపై ఆధారపడి యున్నది. కావున ఈ మీటను నిర్మాణము, ఔచిత్యము అను రెండు దృష్టులతో పరీక్షింపవలెను. నిర్మాణమున దోషమున్నచో సరియైన జవాబు చేరవలసిన చోటికి చేరదు. ఔచిత్యమున దోషమున్నచో సరియైన జవాబు ఇచ్చుటకే వీలుండదు.

మొదట నిర్మాణము. వెబ్ పుటలను వ్రాయు హెచ్.టి.ఎమ్.ఎల్. అను సంకేతభాషలో రేడియో బటనును సృజించుట సులభము. 'ఇన్‌పుట్' అను మూలకమునకు 'టైప్' అను గుణము క్రింద 'రేడియో' అని వ్రాసినచో ఒక వృత్తము తెరపై నిలుచును. అయితే ఒంటరి వృత్తమునకు అర్థము లేదు. దాని ప్రాణము గుంపులో నున్నది. ఆ గుంపును ఏర్పరచునది 'నేమ్' అను గుణము. ఒకే పత్రములో ఒకే నేమ్ గల బటనులన్నియు ఒకే ఇంటిపేరు గల కుటుంబము వంటివి. వానిలో ఒకటి వెలిగినచో తక్కినవి ఆరిపోవును. ఆ పేరులో ఒక్క అక్షరము తప్పినను ఆ బటను వేరు కాపురము పెట్టును; అప్పుడు తెలుగు, తమిళము రెండును ఒకేసారి వెలుగును. చూచువారికి పత్రము చక్కగనే కనబడును గాని, చేరిన జవాబు నమ్మదగినది కాదు.

నేమ్ ఇంటిపేరైనచో 'వాల్యూ' అను గుణము సొంతపేరు. పత్రమును పంపినపుడు కార్యాలయమునకు చేరునది తెరపై చదివిన మాట గాదు, ఈ వాల్యూయే. దానిని వ్రాయ మరచినచో తెలుగు నొక్కినవారి నుండియు, తమిళము నొక్కినవారి నుండియు 'ఆన్' అను ఒకే మాట చేరును. ఎవరు ఏది కోరిరో తెలియు మార్గముండదు. ప్రపంచ భాషలకు ఏర్పడిన రెండక్షరముల సంకేతములలో తెలుగునకు 'టి.ఇ.', తమిళమునకు 'టి.ఏ.' అని యున్నవి. వాల్యూగా ఇట్టి సంకేతమునే ఉంచినచో, తెరపై పేరును ఏ లిపిలో చూపినను జవాబు ఒక్కటియే యగును. ఒక్క అక్షరము భేదముగల సంకేతములు గనుక వ్రాయువానికి జాగ్రత్త మిక్కిలి యవసరము.

వృత్తము ప్రక్కనున్న మాటను 'లేబుల్' ద్వారా దానితో ముడిపెట్టవలెను. ముడి యున్నచో మాటపై నొక్కినను బటను వెలుగును. లేనిచో, ఫోనుపై వ్రేలితో నొక్కువారు చిన్న వృత్తమును వెదకుకొనవలసి వచ్చును. గుంపునంతటిని 'ఫీల్డ్‌సెట్'లో ఉంచి, ప్రశ్నను 'లెజెండ్'గా వ్రాయుట మరియొక కర్తవ్యము. తెరను చదివి వినిపించు సాధనముపై ఆధారపడు అంధులకు ప్రశ్న వినబడుట దీనివలననే. అది లేనిచో వారికి 'తమిళము, తెలుగు' అను మాటలు వినబడును గాని అడిగినదేమో తెలియదు.

ఇతర సాధనములలో పేర్లు మారినను తత్త్వము మారదు. జావా స్వింగ్‌లో బటనులను 'బటన్ గ్రూప్'లో చేర్చవలెను. టి.కె. అను సాధనములో బటనులన్నింటికి ఒకే చరరాశిని ఇయ్యవలెను. ఆండ్రాయిడ్ ఫోనులలో 'రేడియో గ్రూప్' కలదు. స్వింగ్‌లో బటనులను ప్రక్కప్రక్కన పేర్చినంత మాత్రమున గుంపు ఏర్పడదు. కంటికి కనబడు వరుస వేరు, నియమము కల్పించు బంధము వేరు.

నిర్మాణమున మిక్కిలి విచారింపదగినది ముందుగా వెలిగించిన బటను విషయము. 1995లో వెలువడిన హెచ్.టి.ఎమ్.ఎల్. రెండవ పాఠము, గుంపులో ఎల్లప్పుడును ఒక బటను వెలిగియే యుండవలెననియు, రచయిత ఏదియు చెప్పనిచో మొదటి బటనునే వెలిగింపవలెననియు విధించినది. కారు రేడియోకు ఇది తగిన న్యాయమే. కాని బ్రౌజరులన్నియు ఒకే తీరున నడువలేదు. 1999లో వచ్చిన 4.01 పాఠము, సాధనముల నడవడి భిన్నముగా నున్నది గనుక రచయితయే ఒక బటనును వెలిగించి యుంచుట మేలని సలహా యిచ్చినది. నేటి ప్రమాణము ఏ బటనును వెలుగకుండుటకు అంగీకరించుచున్నది. ఇది ప్రశంసనీయమైన మార్పు. ఏలయనగా, ముందుగా వెలిగించిన బటనును పూరించువాడు తాకక విడిచినచో, అది అతని జవాబో, పత్రము వ్రాసినవాని ఊహయో తెలియదు. ఏ బటనును నొక్కనిచో ఆ ప్రశ్నకు ఏమియు చేరదు. ఆ మౌనము మౌనముగనే తెలియును. జవాబు తప్పనిసరియైనచో 'రిక్వైర్డ్' అను గుణము నుంచి అడుగవచ్చును గాని, పూరించువాని నోట మాట పెట్టరాదు. మరియు ఒకసారి వెలిగిన రేడియో బటనును మరల నొక్కి ఆర్పుట కుదరదు. కావున 'చెప్పదలచలేదు' అను బటను గూడ అవసరమైన చోట నుండవలెను.

తెలుగు లిపికి సంబంధించిన రెండు మాటలు. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునట్లు పంక్తి ఎత్తును నిర్ణయించినచో, 'రాష్ట్రము' వంటి మాటలలోని వత్తులు క్రింద తెగిపోవును. పంక్తుల నడుమ ఎడము పెంచవలెను. ఇంకొకటి వరుస. తుళు చేరని పట్టికలో, ఇంగ్లీషు అకారాదిక్రమమున గాని, తెలుగు క్రమమున గాని, తమిళ క్రమమున గాని తమిళము, తెలుగు ప్రక్కప్రక్కనే వచ్చును. మూడు లిపులును ఈ రెండు భాషలను ఇరుగుపొరుగులుగా నుంచుట వినుటకు ఇంపుగనే యున్నది. కాని ఇరుకైన ఫోను తెరపై వ్రేలు కొంచెము జారినచో ఒక బాలుని మాతృభాష మారిపోవును. ఎడము పెంచుటయు, పంపుటకు ముందు జవాబును తిరిగి చూపుటయు ఇందులకే.

ఇక ఔచిత్యము. ఏ ప్రశ్నకు ఈ మీట తగును? దీనికి తెలుగు వ్యాకరణము చక్కని కొలబద్ద నిచ్చుచున్నది. పరవస్తు చిన్నయసూరి చెన్నపురిలో రచించి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున నిత్యము, వైకల్పికము, బహుళము అను సంజ్ఞలు కలవు. ఉత్వసంధి నిత్యము, 'అతడు, ఎవడు' కలిసి 'అతడెవడు' అనియే యగును. ఎన్నిక లేదు గనుక అచట మీట యనవసరము. గుంపులో ఒకే ఒక రేడియో బటనును ఉంచుట ఇట్టి దోషమే. నొక్కిన పిమ్మట ఆర్పుటకు వీలుండదు గనుక అది వలగా మారును. ఏమ్యాదులందు ఇత్వసంధి వైకల్పికము. 'ఏమడిగితివి' అనవచ్చును, 'ఏమియడిగితివి' అనవచ్చును. రెండును సాధువులే గాని ఒక ఉచ్చారణలో ఒకటియే పలుకుదుము. రేడియో బటనుకు తగిన స్థానమిదియే. అత్వసంధి బహుళము, ఒకచోట నిత్యము, ఒకచోట నిషేధము, ఒకచోట వికల్పము, ఒకచోట అన్యకార్యము. ఇట్టి విషయమునకు ఒక్క వృత్తము చాలదు. పెక్కింటిని గుర్తించుటకు వీలైన చెక్ బాక్సులు గాని, వ్రాసికొనుటకు ఖాళీ స్థలము గాని కావలెను. పోలిక అన్ని యంశములందు సరిపోదు గాని, బహుళమైన దానిని వైకల్పికముగా అడుగరాదను సూత్రము మాత్రము నిలుచును.

తమిళనాడులోని తెలుగు విద్యార్థి భాషాజీవితము అచ్చముగా బహుళము. 2006 నాటి తమిళ అధ్యయన చట్టము తమిళమును మొదటి భాగముగను, ఇంగ్లీషును రెండవ భాగముగను విధించి, ఈ రెండును మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగమున ఐచ్ఛికముగా చదువ వీలు కల్పించినది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలైన ఈ యేర్పాటు 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బోధన మరియొక భాష కావచ్చును. ఇట్టి బాలుని తండ్రిని 'భాష' అను ఒక్క మాటతో ప్రశ్నించి, ఒక్క వృత్తమును నొక్కుమన్నచో, ఏది నొక్కినను అది సత్యములో ఒక తునకయే. తమిళము నొక్కినచో మొదటి భాగము నిజము, మాతృభాష మరుగు. తెలుగు నొక్కినచో మాతృభాష నిజము, చదువుచున్న భాష మరుగు. ప్రశ్నలు మూడు, బటనుల గుంపు ఒకటి: దోషమిచట నున్నది. విద్యార్థుల వివరములను నమోదు చేయు యు-డైస్ ప్లస్ పద్ధతిలో మాతృభాషకు, బోధనభాషకు వేరు వేరు స్థానములుండుట ఈ దృష్టితో చూడగా మెచ్చదగినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. రెండు భాషలు సమానముగా మాటలాడు బాలునికి మాతృభాషను గూడ రేడియో బటనుతో అడుగుట అన్యాయము కాదా యని. కాదనియే చెప్పవలెను. భారత జనగణన మాతృభాషను నిర్వచించియే అడిగినది: బాల్యమున తల్లి ఆ వ్యక్తితో మాటలాడిన భాష, తల్లి శైశవముననే గతించినచో, ఆ ఇంట ప్రధానముగా మాటలాడిన భాష. ఈ నిర్వచనము ముందుంచినచో జవాబు ఒక్కటియే. దానికి తోడు, వ్యక్తి యెరిగిన ఇతర భాషలను రెండింటి వరకు వేరుగా నమోదు చేసినది. అనగా మొదటి ప్రశ్నకు రేడియో బటను, రెండవదానికి పరిమితిగల చెక్ బాక్సులు. కంప్యూటరు తెరకు పూర్వమే కాగితముపై పాటించిన ఈ వివేకము నేటి పత్రకర్తలకు మార్గదర్శకము. మీట ఏకవరణమును కోరుట తప్పు గాదు. నిర్వచనము లేక కోరుట తప్పు.

ఈ విచారము కేవలము శాస్త్రవినోదము గాదు. 2011 జనగణనలో తమిళనాడున తెలుగు మాతృభాషగా తెలిపినవారు దాదాపు 42 లక్షలు. నూటికి ఆరుగురికి కొంచెము తక్కువ. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. సౌకర్యము కోరువారు మొదట తమ సంఖ్యను చూపవలెను. ఆ సంఖ్య నేడు పుట్టునది ఇట్టి వృత్తములనుండియే. 2027 మార్చి 1 ప్రమాణతిథిగా 2025లో ప్రకటింపబడిన జనగణనకు మొబైలు ఫోనులు, స్వయముగా వివరములు నమోదు చేసికొను సౌకర్యము ఏర్పరుపబడినవి. కలముతో వ్రాయు గణకుని స్థానమున వ్రేలితో నొక్కు గృహస్థుడు వచ్చిన ఈ కాలమున, పత్రరచన భాషారక్షణలో ఒక భాగమైనది.

కావున భాషను అడుగు పత్రమునకు ఈ నియమములు విధింపదగియున్నవి. ఒక గుంపు ఒక ప్రశ్ననే అడుగవలెను. మాతృభాష, బోధనభాష, చదువు భాష అనువానికి వేరు వేరు నేమ్‌లుండవలెను. ప్రశ్న క్రిందనే నిర్వచనముండవలెను. ఏ బటనును ముందుగా వెలిగింపరాదు. 'ఇతరము' అను బటనుండవలెను. దాని ప్రక్క వ్రాయుటకు చోటుండవలెను. భాష పేరును ఆ భాష లిపిలోనే చూపవలెను. పంపుటకు ముందు జవాబును తిరిగి చూపవలెను. ఈ నియమములు కోరునది కొన్ని పంక్తుల సంకేతము మాత్రమే. కాని పత్రకర్త తానై వీనిని తలచునని నిరీక్షించుట చాలదు. తెలుగు పాఠశాలలును, తెలుగు సంఘములును పత్రములను ముందుగా పరిశీలించి, దోషములను సంబంధించిన కార్యాలయములకు వ్రాతమూలమున తెలుపుట అలవాటు చేసికొనవలెను. పూరించు నాడు తల్లిదండ్రుల ప్రక్కన నిలిచి ప్రశ్నను చదివి చెప్పగల ఉపాధ్యాయుడు గాని, సంఘసభ్యుడు గాని ఉన్నచో, నిర్మాణమున మిగిలిన దోషము కొంతవరకు తీరును.